సుబ్బారావుగారి రెండు మందులు - కొల్లేటి సీమవారి కర్తవ్యము

2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరి పట్టణమును కలవరపెట్టిన వింతవ్యాధిని ఈ ప్రాంతమువా రింకను మఱచియుండరు. బాలురు, వృద్ధులు ననక జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి నేలకొఱిగిరి. కొలది దినములలోనే ఆరువందల మందికి పైగా ఆసుపత్రి చేరిరి, ఒకరు మరణించిరి. అప్పటికే కరోనా భయముతో నెలలు గడపిన పట్టణమున ఇదియు మఱియొక అంటువ్యాధి యేమో యని పలువురు భయపడిరి. కాని వ్యాధి నడకను పరిశీలించినవారికి వేఱొక సంగతి గోచరించినది. ఒక యింట ఒకరికి వచ్చిన రోగము ప్రక్కనున్నవారికి రాలేదు. రోగులకు పరిచర్య చేసినవారికి సోకలేదు. వచ్చినవారిలో ననేకులు ఒకటి రెండు దినములలోనే కోలుకొని యిల్లు చేరిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసము, నికెలు అను లోహములను గనుగొనిరి. ఇతర పరిశోధకులు పురుగుమందుల శేషములను గుర్తించిరి. తుదకు పురుగుమందుల శేషమే ముఖ్యకారణమై యుండునని నిపుణులు తలచిరి. కంటికి కనబడని జీవి తెచ్చిన కీడుగా తోచినది మానవుని చేతిపని యని తేలినది.

ఈ యుదంతమువలన మనము నేర్వదగిన పాఠ మొకటి కలదు. ఊరికి రోగము వచ్చినప్పుడు మొట్టమొదట విచారింపవలసినది అది యే త్రోవను వచ్చినదను సంగతి. నీటివెంట వచ్చినదా, దోమ మోసికొని వచ్చినదా, ఊపిరితో వచ్చినదా, పక్షి రెట్టతో వచ్చినదా? త్రోవ తెలిసినచో దానిని మూయవచ్చును. తెలియనిచో రోగిని వెలివేయుటయు, ఉన్న మందులన్నియు మ్రింగుటయు తప్ప వేఱుదారి తోచదు.

మన పూర్వులకు సూక్ష్మదర్శిని లేదు. అయినను రోగము బయటినుండి పొలిమేర దాటి ఊరిలో ప్రవేశించునని వా రెఱుగుదురు. గ్రామదేవతకు మ్రొక్కి, ఊరి కట్టుబాట్లు పాటించి, దానిని పొలిమేర దాటింప యత్నించిరి. ఏలూరిలో ఏడేండ్ల కొకమారు జరుగు గంగానమ్మ జాతర నేటికిని ఆ కాలపు భయమును, ఆ కాలపు ఐకమత్యమును స్మరింపజేయుచున్నది. వారికి తెలియనిది ఒక్కటే - ఆ బయటి శత్రువు స్వరూపము. జర్మను పండితుడు రాబర్టు కోఖు 1884 లో కలకత్తా వచ్చి, కలరా రోగుల ప్రేవులలోనే గాక, ఆ రోగులు వాడిన చెఱువు నీటియందు కూడ ఒకే విధమగు సూక్ష్మజీవిని జూచెను. నాటినుండి కలరాకు త్రోవ యేదో లోకమునకు స్పష్టమయ్యెను.

ఈ సూక్ష్మశత్రువులు ఒక జాతివి కావు. బాక్టీరియా యనునవి ఒకే కణముగల జీవులు. తిండియు వేడియు దొరకినచో వానిలో కొన్ని యిరువది నిమిషముల కొకమారు రెండుగా చీలి పెరుగును. వైరసులు వానికంటె మిక్కిలి చిన్నవి. వేఱొక జీవి కణములో జొరబడినగాని వృద్ధి పొందజాలవు. ఇవి గాక మలేరియా కలిగించు పరాన్నజీవులును, బోదకాలు కలిగించు సన్నని పురుగులును గలవు. ఈ భేదము పండితుల చర్చకే పరిమితమని తలపరాదు. ఒకదానికి పనిచేయు మందు మఱియొకదానికి పనిచేయదు. బాక్టీరియాను చంపు మందు వైరసును తాకనైన తాకదు. ఈ సామాన్యసత్యమును మఱచుటవలననే మన సీమలో నేడు రెండు విపరీతములు కనబడుచున్నవి: మ్రింగవలసిన మందును పాఱవేయుట మొదటిది, అక్కఱలేని మందును గుమ్మరించుట రెండవది. ఆ రెండు మందుల చరిత్రయు మన సీమలో పుట్టిన ఒక మహనీయుని పేరుతో ముడివడియున్నది.

మొదట బోదకాలును గూర్చి విచారింతము. తీరాంధ్రమున చిరకాలముగా కాపురమున్న వ్యాధి యిది. కాలు ఏనుగు కాలివలె లావెక్కుట, వరిబీజము దిగుట, నెల తప్పినను తప్పకవచ్చు చలిజ్వరము - వీని నెఱుగని గ్రామము డెల్టాలో నొకప్పు డరుదు. అది నీటి దోషమని మనవారు నమ్మిరి. ఆ నమ్మకమును చూచి నవ్వ నక్కఱలేదు. మహాపండితులు కూడ అందు సగము చిక్కుకొనిరి. 1872 లో కలకత్తాలో తిమొతి లూయీ యను వైద్యుడు రోగి రక్తములో ఈ పురుగు పిల్లలను జూచెను. 1877 లో చైనాదేశపు అమోయి రేవున పాట్రిక్ మాన్సను అవి దోమ శరీరమున పెరుగుటను గనుగొనెను. అయినను ఆ దోమ నీట పడి చచ్చిన పిమ్మట, ఆ నీటిని త్రాగినవారికి వ్యాధి వచ్చునని ఆయన తలచెను. 1900 లో జార్జి లో అను పరిశోధకుడు దోమ తొండములోనే పురుగును జూచినతరువాతగాని నిజమైన త్రోవ తెలియలేదు. దోమ కాటే ఆ త్రోవ.

ఆ త్రోవ యెట్లు సాగునో చిత్తగింపుడు. పెద్దపురుగులు మనుష్యుని రసనాళములలో నివసించి, అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు బ్రతుకును. అవి లక్షలకొలది సూక్ష్మమైన పిల్లలను కనును. ఈ పిల్లలు పగలు లోపలి అవయవములలో దాగి, నడిరేయి వేళకు చర్మమునకు దగ్గఱనున్న రక్తములోనికి వచ్చును. ఆ వేళకే క్యూలెక్సు దోమయు కుట్టును. అందువలననే ఆరోగ్యశాఖవారు రాత్రి తలుపు తట్టి రక్తపు చుక్క యడుగుట. అది వారి వేడుక గాదు. దోమ కడుపున చేరిన పిల్ల పది పదునాలుగు దినములలో ముదిరి, మఱియొకరిని కుట్టునప్పుడు ఆ గాయముద్వారా శరీరము జొచ్చును.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. రక్తములో పురుగుపిల్లలున్నవారిలో పెక్కుమందికి బయటికి ఏ లక్షణమును కనబడదు. కాలు వాచినవానిని చూచి మనము దూరముగా తొలగుదుము. కాని వాపు వచ్చి యేండ్లు గడచిన వాని రక్తమున తఱచుగా పురుగుపిల్లలుండవు. నవ్వుచు మన ప్రక్కను కూర్చున్న ఆరోగ్యవంతుడే దోమకు ఆహారమును, పొరుగువానికి వ్యాధిని ఇచ్చుచుండవచ్చును. ఆ యారోగ్యవంతుడు మనమే కావచ్చును.

ఈ పురుగునకు మందు కనిపెట్టుటకు కారకుడైనవాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895 జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. యౌవనమున కొలదిదినముల యెడములో ఇద్దఱు సోదరులు గ్రహణివ్యాధికి బలియగుట చూచిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీమహాత్ముని పిలుపు నాలకించి శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు ధరించిరి. అందులకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్. పట్టముతో సరిపెట్టుకొనవలసిన వారైరి. అమెరికా చేరి హార్వర్డున పరిశోధనలు చేసి, 1940 లో లెడర్లీ పరిశోధనాలయమునకు మారి, అచ్చటి పరిశోధనలకు నాయకులైరి. రెండవ ప్రపంచ యుద్ధమున పసిఫిక్ ద్వీపములలో పోరాడిన సైనికులకు ఈ పురుగు సోకగా, దానికి మందు వెదకవలసిన యవసరము కలిగెను. వారి నాయకత్వమున పనిచేసినవారు వందలకొలది రసాయనములను పరీక్షించి, 1947 లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును ప్రకటించిరి. హెట్రజాన్ అను పేర అది మొదట ప్రసిద్ధి కెక్కినది. నేడు డి.ఇ.సి. బిళ్ళ యని మన యారోగ్యకార్యకర్తలు చెప్పునది ఇదియే. 1948 లో, ఏబదిమూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు న్యూయార్కున కన్నుమూసిరి. స్వదేశమునకు వారు మఱల రాలేదు; వారి మందు వచ్చినది.

భారతదేశమున ఫైలేరియా నివారణ పథకము 1955 లో ఆరంభమయ్యెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమున కొకమారు జనులందఱకును ఈ బిళ్ళ నిచ్చుచు వచ్చిరి. పిమ్మట ఆల్బెండజోల్ అను బిళ్ళను దానికి జోడించిరి. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్ మెక్టిన్ అను మూడవ మందును చేర్చిరి. రెండేండ్లు నిండని పసివారికి, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో నున్నవారికి ఇయ్యరు. తక్కినవా రందఱును భోజనానంతరము, బిళ్ళ తెచ్చినవారి యెదుటనే మ్రింగవలయును. ఈ మందు పిల్లపురుగులను చంపును గాని పెద్దపురుగుల నన్నిటిని చంపజాలదు. అందువలననే ఒక్కసారితో సరిపోదు; పెద్దపురుగు ఆయువు తీరువఱకు, కనీస మయిదేండ్లు, ఏటేట మ్రింగవలసియుండును. మొత్తము జనాభాలో నూటికి 65 గురైనను మ్రింగినగాని వ్యాధిగొలుసు తెగదు.

చైనాదేశము ఈ మందునే వంటయుప్పులో కలిపి జనులకు తినిపించి, 2007 లో వ్యాధిని తొలగించినట్లు ప్రకటించినది. సింహళము, మాల్దీవులు 2016 లోను, బంగ్లాదేశ్ 2023 లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినవి. మందునకు మూలపురుషుడు మనవాడు. విజయము మాత్రము మనకంటె ముందుగా పొరుగువారికి దక్కినది! మన ప్రభుత్వము గడువు పెక్కుమార్లు పొడిగించి, ఇప్పుడు 2027 ను లక్ష్యముగా నుంచుకొన్నది. ఆలస్యమునకు మందు కొఱత కారణము కాదు. బిళ్ళ చేత పుచ్చుకొని, "తరువాత వేసికొందుము" అని అటకమీద పెట్టిన చదువుకొన్న గృహస్థులు లేరా? "నాకేమి జబ్బు? నేనేల మ్రింగవలె?" నని ప్రశ్నించినవారు లేరా? ఒకరిద్దఱికి జ్వరమో తలనొప్పియో వచ్చిన వెంటనే వాడవాడయు బిళ్ళను నిరాకరించుట లేదా? నిజమునకు ఆ జ్వరము లోపలి పురుగు చచ్చుటవలన కలుగునదియే. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. బిళ్ళల పంపకము ఆపిన జిల్లాలలో సైతము పిల్లల రక్తపరీక్షలు, రాత్రి పరీక్షలు సాగవలసియే యుండును. కొన్ని యిండ్లలో మిగిలిన పురుగు మఱల ఊరంతయు వ్యాపింపగలదు.

ఇప్పటికే కాలు వాచినవారి యెడల మన ధర్మ మేమి? ఈ బిళ్ళ ముదిరిన వాపును తీయజాలదు. కాని ప్రతిదినమును సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడిలేకుండ తుడిచి, పుండ్లకు మందు వ్రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా నుంచి, చెప్పులు తొడిగినచో జ్వరములు తగ్గి, వాపు పెరుగుట ఆగును. వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు. ఇట్టివారిని పెండ్లి పేరంటములకు పిలువక దూరముంచుట అజ్ఞానము. వారి కాలు తాకినవారికి ఈ వ్యాధి రాదు.

ఇక రెండవ మందు. సుబ్బారావుగారి నాయకత్వముననే, లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టియందలి యొక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును గనుగొనెను. 1948 లో అది లోకమునకు వెల్లడి యయ్యెను. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబమున అది మొదటిది. అంతకుముందు చావు తప్పదనుకొన్న పెక్కు జబ్బులకు అది సంజీవి యైనది. కాని 1950 లో అదే సంస్థ పరిశోధకులు ఒక విశేషమును ప్రకటించిరి. ఆ మందు తయారుచేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపిన అవి త్వరగా బరువెక్కునట! అంతటితో ప్రపంచమంతటను కోళ్ళ మేతలోనికి, పశువుల మేతలోనికి యాంటీబయాటిక్ మందులు ప్రవేశించినవి. రోగికి ఉద్దేశించిన మందు లాభమునకు సాధనమైనది.

తాడేపల్లిగూడెము చుట్టుపట్ల గ్రామములు కోళ్ళ పెంపకమునకును, కొల్లేటి సీమ చేపల రొయ్యల చెఱువులకును పెట్టినది పేరు. వేలకొలది కోళ్ళు ఒక కప్పుక్రిందను, లక్షలకొలది చేపలు ఒక చెఱువులోను ఉన్నచోట ఒకదాని రోగము వేఱొకదానికి క్షణములో ప్రాకును. రైతు పెట్టుబడి యంతయు ఒక్కరాత్రిలో మునిగిపోవచ్చును. ఆ భయముతో, రోగము రాకముందే మందు కలుపుదమను దురాశ కలుగుట సహజము. ఫలితమేమి? కోటి బాక్టీరియాలలో మందునకు లొంగనివి నాలుగున్నను, తక్కినవన్నియు చచ్చి, ఆ నాలుగే పెరిగి మఱల కోటి యగును. అంతేగాక, మందునకు లొంగని శక్తిని అవి ప్రక్కజాతి బాక్టీరియాకు సైతము పంచిపెట్టగలవు. చెఱువునీటితోను, కోళ్ళపెంటతోను, కూలివాని చేతులతోను అవి ఊరు చేరును. నేడు కోడికి వృథాగా వేసిన మందు రేపు మన బిడ్డ జ్వరమునకు పనిచేయకపోవచ్చును. ఈ యపాయమును గుర్తించియే భారత ప్రభుత్వము 2019 లో, మనుష్యులకు తుది యాయుధమగు కొలిస్టిన్ మందును ఆహారజంతువుల పెంపకమున నిషేధించినది. రొయ్యలలో నిషిద్ధమైన మందుల శేషములు కనబడినచో విదేశములవారు సరకును రేవునుండియే త్రిప్పిపంపుచున్నారు. కావున ఇది ధర్మవిషయమేగాక ధనవిషయము కూడ నగుచున్నది.

2025 ఫిబ్రవరిలో వచ్చిన కోళ్ళ మహమ్మారి ఈ విషయమున మఱియొక పరీక్ష. పశ్చిమగోదావరిలో తణుకు మండలపు వేల్పూరునందును, తూర్పుగోదావరిలో పెరవలి మండలపు కానూరు అగ్రహారమునందును కోళ్ళు గుంపులుగా చచ్చినవి. భోపాలునందలి ప్రయోగశాలవారు అది హెచ్5ఎన్1 అను పక్షిజ్వరపు వైరసని నిర్ధారించిరి. పిమ్మట ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలపు బాదంపూడిలోను అది బయటపడెను. ఇది వైరసు; ఎన్ని యాంటీబయాటిక్ మందులు కలిపినను దీనిముందు బూడిదలో పోసిన పన్నీరే. దీని త్రోవలు వేఱు. బాతులు మొదలగు అడవిపక్షులు దీనికి సహజమైన నెలవులు. చచ్చిన కోడి, రెట్ట, గ్రుడ్ల అట్టలు, మేతబండి చక్రములు, కూలివాని చెప్పులు - ఇవి దానిని షెడ్డునుండి షెడ్డునకు చేర్చు వాహనములు. 1997 లో హాంగుకాంగున 18 మందికి సోకి ఆరుగురిని చంపిన వైరసు జాతి యిదియే. 2025 మార్చిలో పల్నాటి ప్రాంతపు పసిబిడ్డ యొకతె దీనికి బలియైనది. ఇట్లు మనుష్యులకు సోకుట అరుదే గాని, సోకినప్పుడు ప్రాణాపాయము. చక్కగా ఉడికిన మాంసమువలనను గ్రుడ్డువలనను భయములేదు. 70 డిగ్రీల వేడికి వైరసు నశించును. పచ్చిమాంసమును పిల్లల చేతికియ్యరాదు.

ఇట్టి సమయమున మందుకంటె నిజాయితీ ప్రధానము. కోళ్ళు చచ్చుచున్నవని పశువైద్యునకు తెలుపక, మిగిలినవానిని తెగనమ్మినవాడు తన నష్టమును పదియూళ్ళకు పంచిపెట్టినవాడగును. చచ్చినవానిని కాలువలో విసరినవాడు కొల్లేటి పక్షులకు, దిగువ రైతుకు, తన బిడ్డలకు కూడ ద్రోహము చేసినవాడగును. లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చుటయే తగిన పని. నిర్ధారణానంతరము చంపించిన కోళ్ళకు ప్రభుత్వము పరిహార మిచ్చు నియమము కలదు. ఆ పరిహారము చాలినంతగాను, సకాలమునను అందింపవలసిన బాధ్యత ప్రభుత్వముది. సత్యము చెప్పిన రైతు నష్టపోయి, దాచినవాడు లాభపడు నెడల సత్యము చెప్పువా రెవరుందురు?

తుదకు నీటి మాట. 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిననాటినుండి నీరు పెట్టుట నేర్చితిమి. నీరు తీయుట నేటికిని నేర్వలేదు. కృష్ణానుండి వచ్చు కాలువయు, గోదావరినుండి వచ్చు కాలువయు ఏలూరిలో కలియును. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట బడును. కొల్లేటినుండి సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు త్రోవ. ఆ త్రోవ పూడినను, గట్లు వేసి యాక్రమించినను, మురుగు వెనుకకు తన్నును. ఆ మురుగే క్యూలెక్సు దోమకు పుట్టినిల్లు. దోమలన్నియు ఒకటి కావు. డెంగీ మోయు ఏడిసు దోమ ఇంటిలోని మూతలేని తొట్టిలోను, పాత టైరులోను పుట్టి పగలు కుట్టును. మలేరియా మోయు అనాఫిలీసు దోమ మంచినీట పుట్టును. దాని రహస్యమును 1897 లో రోనాల్డు రాసు సికిందరాబాదులోనే భేదించెను. గుఱ్ఱపుడెక్క వంటి నీటిమొక్కల వేళ్ళను పట్టుకొని పెరుగు మాన్సోనియా అను దోమ మఱియొకటి కలదు. పొగమందు వీధిలో వదలినంత మాత్రమున ఇవి పోవు. మురుగుకాలువలను పూడిక తీయించుట, మరుగుదొడ్డి గొట్టములకు వల కట్టించుట, తొట్లను వారమున కొకనాడు ఆరబెట్టుట - ఈ పనులకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. పురపాలక సంఘమువారును, గ్రామ పంచాయతులవారును చేయవలసినదానిని చేయునట్లు పన్నుచెల్లించువారు నిలదీసి యడుగవలయును. అడుగువాడు తన గట్టును తాను ముందు సరిచూచుకొనవలయును.

స్వరాజ్యమనగా మన యిల్లు మనము చక్కదిద్దుకొనుట. ఆ ఖద్దరు ధరించినందులకు పట్టమును పోగొట్టుకొన్న భీమవరపు బిడ్డ మన యింటికి మందు పంపెను. ఆయనకు విగ్రహములు నిలుపుట, పేట కాయన పేరు పెట్టుట మంచిదే. అంతకంటె గొప్ప శ్రద్ధాంజలి మన చేతిలోనున్నది. ఆరోగ్యకార్యకర్త బిళ్ళ తెచ్చినప్పుడు ఇంటి యజమాని తాను ముందు మ్రింగి తన కూలివానిచేత మ్రింగింపవలయును. వైద్యుడు వ్రాయని యాంటీబయాటిక్ మందును తానును పుచ్చుకొనక, తన కోళ్ళకును చెఱువునకును వేయక నిగ్రహింపవలయును. ఈ రెండును చేయగలిగిన నాడు ఈ సీమ పిల్లలు బోదకాలనగా నేమని పెద్దలను అడిగి తెలిసికొందురు.